సమాన చిహ్నానికి అటూ ఇటూ: పిల్లల ఆంగ్ల పదపట్టికల్లో తెలుగు అర్థాలు

ఆంగ్లం నేర్చుకొనే చిన్నపిల్లల కోసం అచ్చయ్యే పుస్తకాల్లో పాఠం చివర గాని పుస్తకం చివర గాని ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు ఆంగ్ల పదం, మధ్య సమాన చిహ్నం, కుడివైపు తెలుగు పదం. జంతువులు, పక్షులు, పండ్లు, కూరగాయలు, శరీరభాగాలు, బంధువులు, రంగులు, పనులు అనే వర్గాలుగా నడిచే ఈ పట్టికలు గోడకు తగిలించే చార్టులుగాను, పలచని పుస్తకాలుగాను, వాచకాలకు అనుబంధాలుగాను తెలుగునాట ఎక్కడైనా దొరుకుతాయి. వీటి కూర్పరుల పేర్లు చాలావరకు తెలియవు. ఒక పట్టికలోని అర్థం మరొక పట్టికలోకి యథాతథంగా ఎక్కుతూ ఉంటుంది. ఆంగ్లబోధనకు చెందిన సామగ్రి కదా అని తెలుగు అధ్యాపకులు, తెలుగు అర్థాలతో తమకు పనేమిటని ఆంగ్ల అధ్యాపకులు వీటిని పట్టించుకున్నది తక్కువ. అయితే బిడ్డ మొదటిసారి చేతపట్టే ద్విభాషా నిఘంటువు ఇదేనన్న సంగతి మరవరానిది.

ఈ పట్టికల్లో అక్కడక్కడ దొర్లే తప్పులను ఏరి చూపడం కష్టం కాదు. అసలు లోపం ఆ తప్పుల్లో లేదు. ఒక పదానికి ఒకే పదం అన్న నిర్మాణంలో ఉంది. ఆ నిర్మాణం ఆంగ్లాన్ని సరిగా నేర్పదు. అంతకుమించి, బడికి రాకముందే బిడ్డకు పట్టుబడిన తెలుగును కుదించి, అది తెలుగు కాదేమో అన్న సందేహాన్ని కలిగిస్తుంది.

పిల్లలకు పదాలు నేర్పడం తెలుగువారికి కొత్త కాదు. అమరకోశాన్ని బాల్యంలోనే వల్లె వేయించిన సంప్రదాయం ఇక్కడిది. అచ్చతెలుగు పదాలకు అదే మార్గంలో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహాన్ని కూర్చాడు. ఆ కోశాల్లో ఒక అర్థం చుట్టూ అనేక పదాలు గుమిగూడతాయి. పైగా రెండింటిలోనూ నానార్థాలకు ప్రత్యేక వర్గం ఉంది. అంటే ఒక మాటకు అనేకార్థాలుంటాయన్న ఎరుక బాలశిక్షణలోనే భాగంగా ఉండేది. పాశ్చాత్య దేశాల్లో పిల్లల సచిత్ర ద్విభాషా గ్రంథాలకు ఆద్యంగా చెప్పే కొమీనియస్ పుస్తకం 1658లో వెలువడింది. అందులోనూ పదం ఒంటరిగా లేదు. బొమ్మలోని వస్తువుకు ఒక అంకె, ఆ అంకెను చూపే వాక్యం, ఆ వాక్యంలో పదం. లాటిన్‌కూ జర్మన్‌కూ మధ్య వంతెన వాక్యమే. ఇప్పటి తెలుగు పట్టిక అమరకోశం నుంచి వర్గవిభజనను తీసుకొని నానార్థవర్గాన్ని వదిలేసింది. కొమీనియస్ మార్గం నుంచి బొమ్మను తీసుకొని వాక్యాన్ని వదిలేసింది.

నామవాచకాల్లో దీని ఫలితాన్ని 'రైస్' అన్న ఒక్క మాటతో గ్రహించవచ్చు. పట్టికల్లో సాధారణంగా దీనికి 'బియ్యం' అని ఉంటుంది. పొలంలో ఉన్నంతవరకు వరి, నూర్చితే వడ్లు, దంచితే లేక మర పట్టిస్తే బియ్యం, ఉడికితే అన్నం. ఈ నాలుగు దశలకూ నాలుగు మాటలు తెలుగు బిడ్డకు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. 'ఐ ఈట్ రైస్' అన్న వాక్యానికి పట్టికను నమ్ముకొని అర్థం చెబితే ఆ బిడ్డ బియ్యం తినవలసి వస్తుంది.

బంధువాచకాల్లో సమస్య మరింత లోతైంది. 'బ్రదర్'కు సోదరుడు, 'సిస్టర్'కు సోదరి అని పట్టికలు చెబుతాయి. ఏ ఇంట్లోనూ పిల్లలు ఎవరినీ సోదరుడా అని పిలవరు. అన్నో తమ్ముడో తేలకుండా తెలుగులో వరుస తేలదు. 'అంకుల్' పెదనాన్న కావచ్చు, బాబాయి కావచ్చు, చిన్నాయన, కాక, మేనమామ, అత్త భర్త కావచ్చు. మామయ్య అన్న ఒక్క మాటతో సరిపెట్టడం తల్లివైపు బంధుత్వాన్ని తండ్రివైపుకు అంటగట్టడం. 'కజిన్' దగ్గర ఏ పట్టికైనా చేతులెత్తేయవలసిందే. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్నిల సంతానం తెలుగు వరుసలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. మేనమామ, మేనత్తల సంతానం బావ, మరదలు, వదిన, బావమరిది. మొదటివారితో పెళ్లి నిషిద్ధం, రెండవవారితో మేనరికం ఆచారసమ్మతం. ఒక సమాజపు వివాహవ్యవస్థ మొత్తం నిలిచిన గీతను ఆంగ్లపదం చెరిపేస్తుంది. ఆంగ్లానికి ఆ గీత అక్కరలేదు గనుక అది దాని లోపం కాదు. రెండు భాషలు బంధుత్వాన్ని రెండు విధాలుగా కోస్తాయని చెప్పవలసిన చోట పట్టిక ఒక సమాన చిహ్నం గీసి ఊరుకుంటుంది.

కోత తేడా అటువైపు నుంచీ ఉంది. ఆంగ్లంలో చేతి వేలికీ కాలి వేలికీ వేర్వేరు మాటలు. తెలుగులో రెండూ వేళ్లే. 'హ్యాండ్', 'ఆర్మ్' రెండూ వ్యవహారంలో చెయ్యే. ఈ రెండవ మాటకు అర్థం వెతికే కూర్పరి ఒక్కోసారి భుజాన్ని ఆశ్రయిస్తాడు. సంస్కృతంలో భుజమంటే బాహువే, అమరకోశంలో అవి పర్యాయాలే గనుక ఆ అర్థం శాస్త్రానికి విరుద్ధం కాదు. కాని నేటి తెలుగులో భుజమంటే మూపు. 'షోల్డర్'కూ భుజమే అర్థంగా ఇచ్చినప్పుడు ఒకే పట్టికలో రెండు అవయవాలు ఒకటవుతాయి. తత్సమం తెలుగులో అర్థం మార్చుకున్న చోట నిఘంటుకారుడు ఎంత జాగ్రత్త పడాలో ఈ ఉదాహరణ చెబుతుంది. నక్క సంగతీ ఇటువంటిదే. తెలుగు నక్క ఆంగ్లంలో 'జాకాల్'. 'ఫాక్స్'కు దగ్గరగా వచ్చేది గుంటనక్క. పట్టికల్లో మాత్రం 'ఫాక్స్' అంటే నక్కే. అక్కడి కథల్లోనూ ఇక్కడి కథల్లోనూ రెండింటిదీ జిత్తులమారితనమే కావడం వల్ల ఈ పొరపాటు ఇన్నాళ్లు ఎవరి కంటా పడకుండా నడిచిపోయింది.

రంగుల విషయంలో పట్టికలు మెరుగు. తెలుగులో 'పచ్చ' రెండు రంగులను సూచిస్తుంది: పచ్చగడ్డిలో ఒకటి, పచ్చకామెర్లలో మరొకటి. పట్టికలు ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసి ఇస్తున్నాయి. విశేషణాన్ని చేర్చి అర్థాన్ని నియమించే శక్తి తెలుగు సమాసానికి ఉందని, దాన్ని పిల్లలు ఇట్టే అందుకుంటారని ఇది రుజువు చేస్తుంది. ఇదే ఉపాయం కాలి వేలికి, ఉడికిన అన్నానికి ఎందుకు పనికిరాలేదన్నది ప్రశ్న.

క్రియల దగ్గర ఈ పట్టికలు పూర్తిగా దారి తప్పుతాయి. 'వేర్' అంటే 'ధరించుట'. తెలుగులో చీర కట్టుకుంటారు, చొక్కా తొడుక్కుంటారు లేదా వేసుకుంటారు, కళ్లజోడు పెట్టుకుంటారు, పూలు ముడుచుకుంటారు. వస్తువు ఒంటిని ఎలా అంటిపెట్టుకొని ఉంటుందో దాన్ని బట్టి క్రియ మారుతుంది: చుట్టేది కట్టు, దూర్చేది తొడుగు, ఆనించేది పెట్టు. అయిదేళ్ల బిడ్డ ఈ భేదాన్ని తప్పకుండా పాటిస్తుంది. చీర తొడుక్కున్నానని అనదు. 'వాష్' కూడా అంతే. చేతులు కడుక్కుంటాం, బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం. 'కట్' అంటే కూర తరగడం, చెట్టు నరకడం, జుట్టు కత్తిరించడం, పండు కోయడం. 'బ్రేక్' అంటే కర్ర విరగడం, కుండ పగలడం, తాడు తెగడం. ఈ చివరి మాటలో మరొక భేదం కూడా ఉంది. ఆంగ్లంలో గ్లాసు తానే పగిలినా, ఎవరో పగలగొట్టినా క్రియ ఒక్కటే. తెలుగులో అకర్మక, సకర్మక రూపాలు వేరు. గ్లాసు పగిలిందని పిల్లవాడు చెబుతాడు, పగలగొట్టావని తల్లి అంటుంది. తగాదా అంతా ఆ ప్రత్యయం మీదే నడుస్తుంది. ఇంత నేర్పుతో క్రియను వాడే బిడ్డకు 'బ్రేక్ = విరుగుట' అని ఒక్క ముక్క ఇవ్వడం ఆ నేర్పును లెక్కచేయకపోవడమే.

'విరుగుట', 'ధరించుట', 'తినుట' అన్న రూపాలను గురించి వేరుగా చెప్పుకోవలసి ఉంది. గిడుగు రామమూర్తి (1863-1940) ప్రారంభించిన వాదం ఫలించి పాఠ్యపుస్తకాల భాష మారి దశాబ్దాలు గడిచాయి. వాచకంలో పిల్లలు తినడం, వెళ్లడం అనే చదువుతున్నారు. ఆంగ్ల పదపట్టికలో మాత్రం 'ట' ప్రత్యయం చెక్కుచెదరలేదు. గ్రాంథికానికి మిగిలిన చివరి కొలువుల్లో ఇదొకటి. ఇది శైలికి మాత్రమే సంబంధించిన విషయమూ కాదు. 'ఈట్' క్రియ, 'తినుట' క్రియానామం. ఒక క్రియాధాతువుకు అర్థంగా నామరూపాన్ని ఇస్తే ఆ పదాన్ని వాక్యంలో ఎలా వాడాలో బిడ్డకు తెలియదు. 'తిను' అని ఇస్తే ఆంగ్లపదంలో ఉన్న విధ్యర్థంతో సహా సరిపోతుంది, మాట కూడా బిడ్డ రోజూ వినేదే అవుతుంది.

చిన్న చిన్న వ్యాకరణపదాలు చేసే హాని పెద్దది. 'హ్యావ్ = కలిగియుండు', 'ఈజ్ = ఉన్నది' అన్నవి దాదాపు ప్రతి పట్టికలోనూ కనిపించే అర్థాలు. తెలుగులో స్వామ్యాన్ని చెప్పే పద్ధతి వేరు. నాకు ఇద్దరు అన్నలున్నారు, నా దగ్గర పెన్ను ఉంది, నాకు జ్వరంగా ఉంది. కలిగినది కర్త, కలిగినవాడు చతుర్థీ విభక్తిలో గాని, 'దగ్గర' అన్న మాటతో గాని ఉంటాడు. 'కలిగియుండు' అన్న అర్థాన్ని అనుసరిస్తే 'నేను ఒక పెన్నును కలిగియున్నాను' అన్న వాక్యం పుడుతుంది. అది ఆంగ్లం కాదు, తెలుగూ కాదు. 'ఇది నా పుస్తకం' అన్న తెలుగు వాక్యానికి క్రియాపదమే అక్కరలేదు. అక్కడ 'ఈజ్'కు అర్థం ఏమీ లేదని చెప్పడమే సరైన అర్థం. 'వి' అన్న సర్వనామానికి మనం, మేము అన్న రెండూ ఇచ్చే పట్టికలు ఉన్నాయి గాని, ఎదుటివారు కలిస్తే మనం, కలవకపోతే మేము అన్న ఒక్క మాట చేర్చినవి అరుదు.

సరళత కోసమే ఒక్క పదం ఇస్తున్నామన్నది ఈ పట్టికల పక్షాన వినిపించే సమర్థన. చిన్నపిల్లల జ్ఞాపకానికి భారం కాకూడదన్న మాటలో న్యాయం ఉంది. కాని సరళమైనది ఏది? బిడ్డ ఎరిగిన 'చొక్కా వేసుకో' అన్న రెండు మాటలా, ఎరగని 'ధరించుట' అన్న ఒక్క మాటా? పదాల సంఖ్యను బట్టి సులభతను లెక్కించడం ఇక్కడ జరిగిన మౌలికమైన పొరపాటు. తెలుగు ఊసే లేకుండా ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే నేర్పాలన్న వాదం మరొకటి ఉంది. దానివల్ల సమాన చిహ్నం తొలగిపోదు. బిడ్డ మనసులోనే గీసుకుంటుంది, దిద్దేవారు మాత్రం ఉండరు.

ఇప్పుడు ఈ చర్చకు ప్రాధాన్యం పెరగడానికి కారణముంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తరువాత, తెలంగాణలో 2022 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వాక్యానికి వాక్యం ఎదురుగా ఉండడం పదపట్టిక కంటే ఎంతో మేలు. అదే సమయంలో ఆంగ్లమాధ్యమంలో చదివే బిడ్డ విషయంలో పట్టిక దిశ తిరగబడుతోంది. 'పెన్' తెలిసిన బిడ్డకు 'కలము' తెలియదు. ఆంగ్లపదానికి అర్థం చెప్పవలసిన కుడివైపు నిలువుగడిని ఆ బిడ్డ తెలుగుపదాల పాఠంగా చదువుతుంది. ఆ గడిలో ఉన్న తెలుగు ఎవరి తెలుగు అన్నది అప్పుడు తప్పించుకోలేని ప్రశ్న అవుతుంది.

'పొటాటో'కు పట్టికలు ఇచ్చే బంగాళాదుంప రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. ఉల్లిపాయ ఒకచోట ఎర్రగడ్డ, మరొకచోట ఉల్లిగడ్డ. వేరుశనగ తెలంగాణలో పల్లి, సీమలో శెనక్కాయ, బుడ్డలు. తన ఇంట్లో వినే మాట పుస్తకంలో లేకపోతే బిడ్డ రెండు పదాలు నేర్చుకోవాలి: ఒకటి ఆంగ్లం, రెండవది పుస్తకపు తెలుగు. అర్థం కోసం చూస్తే అర్థానికే అర్థం కావలసి రావడమన్నమాట. సామగ్రి లేక ఈ స్థితి వచ్చిందనడానికి వీలు లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లోనే ప్రచురించింది. ఏ ప్రాంతంలో ఏ మాట వ్యవహారంలో ఉందో క్షేత్రపరిశోధనతో నమోదు చేసిన గ్రంథం అది. దాని తరువాత మరికొన్ని వృత్తుల కోశాలు వచ్చాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉన్న ఆ కృషికీ, బడిపిల్లల చేతిలో ఉన్న పట్టికకూ నడుమ రాకపోకలు లేవు.

ఒక ఆరోపాన్ని నమూనాగా రాసి చూస్తే మార్పు ఎంత చిన్నదో తెలుస్తుంది. 'రైస్: పొలంలో వరి, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం.' 'వేర్: చొక్కా వేసుకో, చీర కట్టుకో, కళ్లజోడు పెట్టుకో.' 'పొటాటో: బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ.' సమాన చిహ్నం స్థానంలో రెండు చుక్కలు వచ్చాయి, వరుస కాస్త పొడుగైంది. 'కజిన్' మాత్రం ఒక వరుసలో ఇమడదు. దానికి ఒక చిన్న వంశవృక్షం బొమ్మ కావాలి: ఒక కొమ్మ మీద అన్న, అక్క, తమ్ముడు, చెల్లి, ఇంకొక కొమ్మ మీద బావ, వదిన, మరదలు, బావమరిది, రెండు కొమ్మలకూ కలిపి పైన ఒకే ఒక్క ఆంగ్లపదం.