మూడు పేరాల పత్రం

ఒక్క కాగితం, అందులో మూడే పేరాలు. 1971 డిసెంబరు 16 సాయంత్రం ఢాకా రమ్నా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ నియాజీ, భారత లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా సంతకాలు చేసిన లొంగుబాటు పత్రం అది. ఆ సంతకాల ఫొటో మనలో చాలామంది చూసిందే. అందులో బల్ల మీదున్న కాగితాన్ని చదివినవాళ్లు తక్కువ. పరాయి గడ్డ మీద కాలుపెట్టిన సైన్యం తన దేశ ప్రయోజనాన్నీ అక్కడి మనుషుల ప్రాణాలనూ ఒకే ముడిలో ఎలా కట్టిందో చూడాలంటే, దాన్ని మాట మాటా చదవాలి.

ముసాయిదా రాసింది భారత తూర్పు కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జాకబ్. అప్పటికి తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. ఆ బరువు దించుకోవడం భారతదేశానికి అవసరం. అయినా డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు యుద్ధం ఆపి సైన్యాలను వెనక్కి పిలవమన్నాయి. మనతో నిలిచినవాళ్లను మనతో కలిపి లెక్కపెట్టినా పదకొండే. ఆక్రమణ అన్న అనుమానం గాలిలో ఉండగా రాసిన వాక్యాలివి.

మొదటి వాక్యంలోనే ‘బంగ్లాదేశ్’ అన్న పేరు ఉంది. మన దేశం ఆ పేరును గుర్తించి అప్పటికి పది రోజులే. ఆ నేలను తూర్పు పాకిస్తాన్ అని పిలిచిన సైన్యాధిపతి చేతనే ఆ పేరు కింద సంతకం పెట్టించారు. అరోరాను కూడా భారత, బంగ్లాదేశ్ బలగాలు రెండింటికీ అధిపతిగానే చెప్పారు. పాకిస్తాన్ అధికారులు అభ్యంతరం చెప్పింది ఈ మాటకేనని జాకబ్ తర్వాత రాశారు. ఇంత జాగ్రత్తపడినవాళ్లు బెంగాలీ సంతకానికి ఒక గీత ఎందుకు గీయలేదన్నది నన్ను ఇప్పటికీ బాధించే ప్రశ్న. బంగ్లాదేశ్ బలగాల తరఫున గ్రూప్ కెప్టెన్ ఖందకర్ అక్కడే ఉన్నారు.

నేను ఎక్కువసేపు ఆగేది మరో చిన్నమాట దగ్గర. పాక్ సైనికులు ఎక్కడున్నవాళ్లు అక్కడే, దగ్గర్లోని ‘రెగ్యులర్’ దళాలకు ఆయుధాలు అప్పగించాలి. తొమ్మిది నెలలపాటు తమవాళ్ల శవాలు మోసిన ఊళ్లలో, ఆయుధం వదిలేసిన సైనికుడు బెంగాలీ గెరిల్లాల చేతికి చిక్కితే ఏమవుతుందో రాసినవాళ్లకు తెలుసు. ఆ ఒక్క విశేషణం కొన్ని వేల ప్రాణాలకు రక్షణగోడ అయింది.

అరోరా పేరును లెక్కపెట్టండి. పేరాకు రెండుసార్లు వస్తుంది. మొదటి పేరాలో ఆయనకు లొంగిపోవాలి. రెండో పేరాలో ఆయన ఆజ్ఞే చెల్లుతుంది, షరతుల అర్థం మీద సందేహం వస్తే ఆయన తీర్పే తుది. ఇంత అధికారం పోగుచేశాక, మూడో పేరా అదే పేరు మీద బాధ్యత మోపింది: లొంగినవాళ్లను జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తానని మాట ఇవ్వాలి, విదేశీయులకు, అల్పసంఖ్యాక జాతులకు, పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్లకు ఆయన బలగాలే రక్షణ ఇవ్వాలి. ‘ప్రభుత్వం చూసుకుంటుంది’ అని రాసి ఉంటే ఎవరినీ నిలదీయలేకపోయేవాళ్లం. ఇక్కడ పేరుంది, హోదా ఉంది.

ఆ భూమిని ఇక ఎవరు ఏలాలన్న మాట మాత్రం పత్రంలో ఎక్కడా లేదు. అయినా అక్కడే ఉండిపోకుండా, భారత సైన్యం 1972 మార్చి 12న ఢాకాలో వీడ్కోలు పెరేడ్ చేసింది.

ఇచ్చిన మాట అన్నిచోట్లా నిలవలేదు. ఉర్దూ మాట్లాడే బీహారీలు ఎందరో ఆ తర్వాత కూడా హతమయ్యారు. యుద్ధ నేరాల ఆరోపణలున్న 195 మంది పాక్ సైనికాధికారులు విచారణ లేకుండానే ఇంటికి వెళ్లిపోయారు. అంతకుముందు తొమ్మిది నెలల్లో చంపబడినవాళ్ల తరఫున ఆ కాగితంలో ఒక్క వాక్యమూ లేదు. సుమారు 93 వేల మంది బందీలను కాపాడే పనిని మాత్రం మూడో పేరా చివరిదాకా చేసింది. 1974 ఏప్రిల్ నెలాఖరున వాఘా దాటి ఇంటికి చేరిన ఆఖరి బందీ, దాని మీద సంతకం పెట్టిన నియాజీయే.