రాత్రి షిఫ్టు ఎరుగని యాప్

స్కిజోఫ్రీనియా యనగానే ఒకే మనిషిలో ఇద్దరు మనుషులని సినిమాలు నేర్పిన అర్థము మన విద్యార్థులలో నేటికిని కలదు. అది తప్పు. ఎవరును పలుకని మాటలు వినిపించుట, నిరాధారమైన అనుమానము పాతుకొనిపోవుట, ఆలోచన చెదరుట దీని ముఖ్య లక్షణములు. మందు మానినచో వ్యాధి తరచుగా తిరుగబెట్టును. కావుననే రోగి తన స్థితిని తానే గమనించుకొనుటకు సెల్‌ఫోను యాప్‌లు వచ్చినవి.

అమెరికాలో బెన్-జీవ్ బృందము రూపొందించిన ఫోకస్ యాప్ రోజుకు మూడుసార్లు రోగిని పలుకరించును: నిద్ర పట్టినదా, మందు వేసికొంటిరా, మాటలు వినిపించుచున్నవా అని. షికాగోలో తీవ్ర మానసిక వ్యాధులు గల 163 మందిలో కొందరికి ఈ యాప్‌ను, తక్కినవారికి క్లినిక్కులో సామూహిక తరగతులను ఏర్పాటుచేసిరి. వీరిలో దాదాపు సగము మంది స్కిజోఫ్రీనియా వర్గమువారు. 2018లో ఫలితములు వెలువడినవి. యాప్‌ను 90 శాతము మంది మొదలుపెట్టగా, తరగతులకు 58 శాతమే వచ్చిరి. వ్యాధి లక్షణములు తగ్గుటలో మాత్రము రెండింటికిని చెప్పుకోదగిన తేడా లేదు. గడప దాటి రాలేనివానిని చేరుటయే యాప్ గొప్పతనమని నా అభిప్రాయము. అదేమియు చిన్న విషయము కాదు.

రెండవ రకము యాప్‌లతోనే నాకు పేచీ. ఇవి అడుగుట తక్కువ, కనిపెట్టుట ఎక్కువ. ఫోనులోని సెన్సార్లతో కదలికను, తిరిగిన చోట్లను లెక్కించి, అలవాటు తప్పిన దినములను పట్టుకొనును. బోస్టన్‌లో 17 మందిపై జరిపిన ప్రయత్నమున, వ్యాధి తిరుగబెట్టుటకు ముందటి రెండు వారములలో అట్టి మార్పులు 71 శాతము అధికముగా కనబడినవి. ఆశ కలిగించు సంగతియే. కాని తిరుగబెట్టినది ఐదుగురికే!

ఇట్టి యాప్‌ను పటాన్‌చెరు దాపున పాశమైలారములో పనిచేయు కార్మికుని జేబులో ఉంచి చూడుడు. ఈ వారము పగటి షిఫ్టు, వచ్చే వారము రాత్రి. నిద్ర తలక్రిందులైనంతనే యాప్ ప్రమాదమని తలచును. నిద్రలేమి ఈ వ్యాధికి హానికరమే. అయినను షిఫ్టు మారుట వేరు, వ్యాధి ముదురుట వేరు. పైగా సులభముగా అంటుకొను ద్రావకములు వాడుచోటికి మామూలు ఫోను తీసికొనిపోరాదు, నిప్పురవ్వ భయము. ఫోను ఎనిమిది గంటలు గేటువద్ద నున్నచో మనిషే కదలలేదని లెక్క పడును. మందు జ్ఞాపకము చేయు గంట అక్కడనే మ్రోగి ఆగును. నలుగురు కలిసియుండు అద్దెగదిలోనో, "మాటలు వినిపించుచున్నవా" అను ప్రశ్న తెరపై వెలిగినచో ప్రక్కవాడు చదువును.

షిఫ్టు పట్టికను ముందుగా అడిగినచో ఈ లోపము చాలవరకు తీరును. బోస్టన్‌వారి మైండ్‌ల్యాంప్ యాప్‌ను బెంగుళూరు నిమ్హాన్స్‌లోను, భోపాల్ ఎయిమ్స్‌లోను పరీక్షించునపుడు భాష మార్చిరి. దినచర్యను కూడ అట్లే మార్చవలెను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు, అనగా 14416కు, రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున ఫోను చేసినను మనిషి పలుకును. ఏ షిఫ్టు నుండి వచ్చితిరని అడుగగలడు.