రోట్లో మిగిలింది

పోయిన వారం మార్కాపురంలో ఒక పెళ్లి భోజనానికి వెళ్లాను. బఫే బల్ల మీద ప్రతి గిన్నె ముందూ పేరు రాసిన అట్టముక్క నిలబెట్టారు. మామిడికాయ తొక్కు ముందు ‘మ్యాంగో రెలిష్’ అని ఉంది. తెలుగు లిపిలోనే, పాపం. నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా తిక్క తెలిసిందే. ఆవకాయను పికిల్ అన్నందుకే ఎంత గొడవ చేశానో మర్చిపోయి ఉండరు. పక్కన ప్లేటు పట్టుకుని నిలబడ్డ మా బావమరిది, “పేరేదైతే ఏంది బావా, ఉప్పు సరిపోయిందా లేదా చూడు” అన్నాడు. సరిపోయింది. అదింకా మంట.

నిజానికి కోప్పడితే ముందు మన పత్రికల మీద కోప్పడాలి. చవి అని చక్కటి మాట ఉండేది. దాన్ని తీసుకెళ్లి ఓటమికి రాసిచ్చేశాం. ఎన్నికల్లోనూ క్రికెట్లోనూ ఓడినవాళ్లే ఇప్పుడు చవిచూస్తున్నారు. గెలిచినవాళ్లకు ఆ యోగం లేదు.

తిట్టాలన్నా తెలిసి తిట్టాలి కదా అని ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. రెలిష్ పాత ఫ్రెంచి సొత్తు. వెనక మిగిలిపోయింది అని దాని అర్థం. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో కనబడేసరికి వాసనకూ, రుచికీ, మింగాక కూడా నాలుక మీద నిలిచే రుచికీ పేరయింది. రిలీజ్, రిలాక్స్ దీనికి దాయాదులు. లాటిన్ మూలంలో వదులు చేయడం, వదిలిపెట్టడం ఉన్నాయి. చివరి ‘ఇష్’ ఫినిష్, పెరిష్ లాంటి మాటలను చూసి తగిలించుకున్న తోక. ఇష్టంగా ఆస్వాదించడం అనే అర్థం 16వ శతాబ్దం చివరికి వచ్చింది. నంజుకునే పదార్థానికి ఆ పేరు పడింది 18వ శతాబ్దం చివర. అంటే గిన్నెలోకి ఎక్కడం అన్నిటికంటే ఆఖరున.

మిగిలిపోయింది అన్న దగ్గర నా తిట్లు ఆగిపోయాయి.

మా అవ్వది గిద్దలూరు దిక్కు పల్లె. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మేమంతా కర్నూలు జిల్లా వాళ్లమే. అందుకే మా ఇళ్లలో సంగటి సీమది, అందులోకి నంజుకునే గోంగూర గుంటూరుది. అవ్వ పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గించి, చింతపండు, ఉప్పుగల్లు వేసి ముందు వాటిని నూరేది. ఉప్పు గల్లుగా ఉంటేనే మిరప తొక్క నలుగుతుందని ఆమె లెక్క. అవి మెదిగాక వేయించిన శనక్కాయలు పడేవి. ఉల్లిపాయ ఆఖరున, పచ్చిదే. దాని మీద రెండు పోట్లకు మించి పడనిచ్చేది కాదు. నలిగితే నీరు కారుతుంది, పంటికి తగలదు.

పచ్చడి గిన్నెలోకి ఎత్తాక పిల్లల కొట్లాట మొదలు. రోటి గుంటలో, పచ్చడిబండ మూతికి కాస్త అంటుకుని ఉంటుంది. అవ్వ పిడికెడు వేడన్నం రోట్లో వేసి, గుంటంతా తుడిచినట్టు కలిపి, అరచేతుల్లో తలా ఒక ముద్ద పెట్టేది. గిన్నెలో ఉన్నదీ అదే పచ్చడి. అయినా దాని జోలికి ఎవరు పోతారు? రాతి గరుకులో ఇరుక్కున్న కారం, నూనె అన్నం వేడికి వదులై మెతుకుమెతుక్కీ పడతాయి. కొత్తావకాయ కలిపిన బేసిన్లో అన్నం కలుపుకుని తినని తెలుగిల్లు ఉంటుందా? జాడీ నిండా ఆవకాయ పెట్టుకుని, ఖాళీ బేసిన్ కోసం తగువులాడే జాతి మనది.

మరి ఆ ముద్దకు మనం పేరు పెట్టుకోలేదు. తొక్కు అంటే తొక్కిన పని గుర్తొస్తుంది, అంటుకుని మిగిలింది కాదు. రెలిష్ మా అవ్వ రోలు దగ్గరకు ఎన్నడూ రాలేదు గానీ, తీసుకొచ్చి కూచోబెడితే సరిగ్గా ఆ గుంటలోనే కూచుంటుంది. ఇక ఆ మాటతో నాకు పేచీ లేదు. పేచీ మిక్సీతో. అందులోనూ పచ్చడి మిగులుతుంది, బ్లేడు కింద. వేలు పెట్టలేం, ముద్ద కలపలేం. నీళ్లు పోసి తిప్పి సాంబార్లో పారబోస్తాం.

నాలుక మీద నిలిచే రుచుల్లో, తిండి కానిది ఒకటి మా మార్కాపురంలో ఉంది. పలకల ఊరు కదా. అక్షరాలు దిద్దుతూ బలపం కొరకని పిల్లలు తక్కువ. తొలకరి వాసన నోట్లోకొచ్చినట్టు ఉంటుంది. ఒంట్లో ఇనుము తగ్గితే అలాంటివి తినబుద్ధి కావచ్చు, పరీక్ష చేయించుకోండని డాక్టర్లు చెబుతారు. చెప్పేది నిజమే. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకకు గిరాకీ పోయింది. ఇప్పుడా రాయి ఇళ్ల గోడలకు టైల్సుగా వెళ్తోంది. బలపాల డబ్బా మాత్రం కిరాణా కొట్లో అలాగే ఉంది. కొనేవాళ్లలో పెద్దవాళ్లూ ఉంటారు. పిల్లలకా అని కొట్టాయన అడగడు.