చిన్న మిల్లింగు యంత్రము, పెద్ద గ్రంథము

బల్లమీద పెట్టుకొనదగిన చిన్న మిల్లింగు యంత్రము ఒక పెట్టెలో విడిభాగములుగా వచ్చును. అల్యూమినియము కడ్డీలు, నునుపైన ఉక్కు కడ్డీలు, మూడు స్టెప్పర్ మోటారులు, మూడు పొడవైన మరలు, ఒక సర్క్యూటు పలక, సంచినిండ బోల్టులు, వీనితో కొన్ని పుటల కరపత్రము. ఏ బోల్టు ఏ రంధ్రములో పోవలెనో కరపత్రము బొమ్మలతో చక్కగా చెప్పును. బోల్టులన్నియు బిగించిన పిదప యంత్రము నిజముగా నలుచదరముగా నిలిచినదో లేదో తెలిసికొనుట ఎట్లో చెప్పు వాక్యము మాత్రము ఇట్టి కరపత్రములలో అరుదు. యంత్రమును కూర్చుట ఒక పని, దానిని సరిచూచుట వేరొక పని. మొదటిదానిని మాత్రమే నేర్పి విడిచిన యంత్రము బడిలో ఉపకారముకంటె చిక్కునే ఎక్కువ తెచ్చును.

చిక్కు ఎట్టిదనగా, విద్యార్థి ఒక చెక్క పెట్టెకు మూతను గీసి, కంప్యూటరు ద్వారా యంత్రమునకు పంపును. యంత్రము కోసిన మూత పెట్టెపై కూర్చుండదు. ఒక మూల పొడుచుకొని వచ్చును. కంప్యూటరు పొరబడదని నమ్మిన విద్యార్థి తన బొమ్మలోనే తప్పున్నదని తలచి, సరియైన బొమ్మను చెరుపుకొనును. ఉపాధ్యాయుడును ఏమియు చెప్పలేడు.

ఇట్టి యంత్రములలో మిక్కిలి వ్యాప్తి గలది 3018 అను రకము. పనిచేయు తావు 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు గలదగుటచే దానికా పేరు. దీనిని నడపునది సాధారణముగా గ్రబుల్ అను ప్రోగ్రాము; నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కొగ్స్రూడ్ దానిని 2009 లో ప్రారంభించెను. లెక్క సులువు. మోటారు ఒక చుట్టునకు 200 అడుగులు వేయును. ఒక్కొక్క అడుగు 16 భాగములుగా విభజింపబడును. మర ఒక చుట్టు తిరిగిన 4 మిల్లీమీటర్లు జరుగును. కావున మిల్లీమీటరునకు 800 తాకిడులు, అనగా ఒక్కొక్క తాకిడికి 0.00125 మిల్లీమీటరు. ఈ సంఖ్యను చూచి యంత్రము అంతటి నిర్దుష్టతతో కోయునని భ్రమపడువారు కలరు. అది యంత్రము వేయగల అడుగు కొలత మాత్రమే. ఆ అడుగు ఏ దిక్కున పడుచున్నదో కంప్యూటరుకు తెలియదు. అది కడ్డీలు చెప్పవలసిన సంగతి.

ఈ లోటును పూరింపగల గ్రంథము 1970 లోనే వెలువడినది. వేన్ ఆర్. మూర్ రచించిన 'ఫౌండేషన్స్ ఆఫ్ మెకానికల్ ఆక్యురసీ' అను ఆ గ్రంథమును అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు బ్రిడ్జ్‌పోర్ట్ నగరమందలి మూర్ స్పెషల్ టూల్ కంపెనీయే ప్రచురించినది. అతి సూక్ష్మమైన జిగ్ బోరింగు యంత్రములను, కొలత యంత్రములను చేసిన సంస్థ యిది. యంత్ర నిర్దుష్టతను గ్రంథకర్త నాలుగు కళలుగా విభజించెను: జ్యామితి, పొడవు ప్రమాణము, వృత్త విభజనము, గుండ్రదనము. చిన్న యంత్రము గలవారు ఇంత పెద్ద గ్రంథమును చదువవలెనా అను ప్రశ్న సహజమే. చదువవలెను, కాని అంతయు కాదు.

గ్రంథములో మిక్కిలి విలువైనది జ్యామితి భాగము. దానికి మూలము సమతలము. ఏ ఆధారమును లేక సమతలమును పుట్టించుట ఎట్లు? ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ 1840 లో విద్వత్సభకు వివరించిన మూడు పలకల పద్ధతియే దీనికి సమాధానము. రెండు పలకలను ఒకదానితో నొకటి రుద్ది, ఎత్తుగా నున్న చోట్లను గీకుచు పోయిన, రెండును అతుకును గాని సమతలములు కానక్కర లేదు. ఒకటి బోర్లించిన మూకుడువలె, రెండవది దానికి తగిన గిన్నెవలె ఉండవచ్చును. మూడవ పలకను చేర్చి మూడు జతలను మార్చి మార్చి పోల్చినపుడు ఆ మోసము సాగదు. మూకుడును మూకుడును అతుకవు. ఏ రెండింటిని కలిపినను అతికినచో మూడును సమతలములే. ఇక్కడ బయటినుండి ఏ ప్రమాణమును తేలేదు. వస్తువును వస్తువుతోనే పోల్చి, దాని తప్పును దానిచేతనే చెప్పించుట ఈ పద్ధతిలోని కిటుకు. గ్రంథమంతట ఈ ఊహయే పలు రూపములలో మరల మరల కానవచ్చును.

ఈ ఊహ తెలుగునాట పనివారికి క్రొత్తది కాదు. తాపీ పనివాడు రసమట్టమును గోడపై పెట్టి చూచి, దాని కొనలను తారుమారు చేసి మరల చూచును. బుడగ రెండుసార్లును ఒకే కొనవైపు జరిగిన తప్పు మట్టముది. గోడలోని ఒకే దిక్కునకు జరిగిన తప్పు గోడది. వడ్రంగి తన మూలమట్టముతో బద్ద అంచునకు అడ్డముగా ఒక గీత గీచి, మట్టమును తిరుగవేసి అదే చోట మరొక గీత గీచును. రెండును కలియకున్న వాని నడుమ ఎడము మట్టములోని తప్పునకు రెట్టింపు. మూర్ వర్ణించిన కర్మాగారములో జరుగునదియు ఇదే. కొలతలు మాత్రము అంగుళములో పది లక్షలవ వంతులు.

గ్రంథములోని ఈ దృష్టితో చిన్న యంత్రమును చూచినచో ఔత్సాహికులలో ప్రబలిన కొన్ని అలవాట్ల దోషము వెంటనే బయటపడును. వానిలో మొదటిది వరుస తప్పుట. చాలమంది ముందుగా పలకను సరిచేయుదురు. తరువాత స్పిండిలుకు అడ్డముగా ఒక బద్దను బిగించి, దాని కొనకు డయల్ గేజిని కట్టి, పలకపై వృత్తాకారముగ త్రిప్పి, స్పిండిలును పలకకు లంబముగా చేయుదురు. అంతతో యంత్రము సిద్ధమని ఎంతురు. కాని యంత్రమునకు నిజమైన తలము పలక కాదు. పనిముట్టు రెండు దిక్కుల జరుగునపుడు ఏర్పడు తలమే. కావున ముందు చట్రము మెలిక లేక నిలువవలెను. పిమ్మట అడ్డపు, నిలువు చలనములు ఒకదానికొకటి లంబము కావలెను. పిమ్మట పైకి క్రిందికి జరుగు చలనము ఆ రెండింటికిని లంబము కావలెను. స్పిండిలును ఆ మూడవ చలనమునకు సమాంతరము చేయుట చివరి పని. మూడవ మెట్టును విడిచి స్పిండిలును మాత్రము సరిచేసినచో, పనిముట్టు నిటారుగా నుండియు ఏటవాలుగా దిగును. నూటికి ఒక వంతు వాలినచో, 20 మిల్లీమీటర్ల లోతునకు పోవునప్పటికి 0.2 మిల్లీమీటరు ప్రక్కకు జరుగును. గుంట గోడలు వాలును, సన్నని డ్రిల్లు విరుగును.

ఈ మూడవ మెట్టును పరీక్షించుటకు గొప్ప పరికరము అక్కరలేదు. పలకమీద మూలమట్టమును నిలిపి, స్పిండిలుకు కట్టిన డయల్ గేజిని దాని అంచువెంట క్రిందికి దింపి, సూది జరిగిన దూరమును వ్రాసికొనవలెను. మట్టమును ఎదురు దిక్కునకు త్రిప్పి, ఆ ప్రక్కనుండి మరల దింపవలెను. వాలును ఒకే దిక్కునుండి లెక్కించినచో, రెండు కొలతల సగటు యంత్రపు తప్పు, భేదములో సగము మట్టపు తప్పు. చవక మూలమట్టముతోనే నమ్మదగిన ఫలితము వచ్చును. మూర్ చెప్పిన తారుమారు పద్ధతి బడికి చేయు గొప్ప ఉపకారమిదే.

పలకనంతను యంత్రముచేతనే పైపైన కోయించి చదును చేయుట మరియొక అలవాటు. ఇది మంచి పనియే, కాని కడపట చేయవలసినది. స్పిండిలు వాలియుండగా చేసినచో పలకపై చాళ్లు పడును. డయల్ గేజి 150 మిల్లీమీటర్ల వెడల్పున 0.15 చూపినచో వాలు వెయ్యింటికొకటి. 25 మిల్లీమీటర్ల పనిముట్టు ఆ వాలుతో ప్రక్కప్రక్కగా కోసిన ప్రతి చాలు వద్దను 0.025 మిల్లీమీటరు మెట్టు మిగులును. కంటికి కనబడకున్నను గోటికి తగులును.

అడ్డము, నిలువుల లంబత్వమును చూచుటకు జ్యామితి పాఠమే చాలును. సూదిమొన పనిముట్టుతో చెక్కపై 200, 150 మిల్లీమీటర్ల భుజములు గల దీర్ఘచతురస్రపు నాలుగు మూలలను పొడిపించవలెను. కర్ణము 250 కావలెను. 3, 4, 5 త్రిభుజమే. రెండు కర్ణములను పోల్చుటకు స్కేలు కూడ అక్కరలేదు. ఒక బద్దకు చివర చీల దిగగొట్టి, దానిని ఒక మూలనుంచి ఎదుటి మూల పడిన చోట గీత పెట్టవలెను. అదే బద్దను రెండవ కర్ణముపై పెట్టినచో భేదము తెలియును. కర్ణముల వర్గముల భేదము, భుజముల లబ్ధమునకు నాలుగు రెట్లను, లంబమునుండి తొలగిన కోణపు సైనుతో గుణించినదానికి సమానము. భేదము అర మిల్లీమీటరు అనుకొన్న, 0.5ను కర్ణముల మొత్తము 500తో గుణించిన 250. దానిని 1,20,000తో భాగించిన 0.00208. కోణములో ఇది సుమారు 7 నిమిషములు. 150 మిల్లీమీటర్ల భుజముపై 0.31 మిల్లీమీటరు తప్పు. చెక్క పెట్టె మూత కూర్చుండకపోవుటకు ఇది చాలును. బోల్టులు వదులుచేసి, అడ్డదూలమును ఒక ప్రక్క కొంచెము నెట్టి, మరల బిగించి, మరల పొడిపించి చూచుట తప్ప వేరు మార్గము లేదు. ఓపిక పట్టవలసిన పని.

అన్నిటికంటె ఎక్కువగా ఖండింపవలసిన అలవాటు వేరొకటి కలదు. యంత్రము 100 మిల్లీమీటర్ల ముక్కను కోయగా అది 100.2 వచ్చినదనుకొందము. వెంటనే 800 అను సంఖ్యను 798.4 గా మార్చవలెనని సలహా ఇచ్చుట వాడుక. ముక్క సరిగా 100 వచ్చును, అందరును సంతోషింతురు. కాని ఆ 0.2 పనిముట్టు వ్యాసమును తప్పుగా ఎంచుటవలన వచ్చినచో, అది పొడవుతో పెరుగునది కాదు. ప్రతి ముక్కలోను అంతే యుండును. మార్పు చేసిన యంత్రము 200 మిల్లీమీటర్ల ముక్కను 199.8 గా, 20 మిల్లీమీటర్ల ముక్కను 20.16 గా కోయును. ఒక చోట తప్పును పూడ్చి, తక్కిన చోట్లన్నిట క్రొత్త తప్పును నాటినట్లయినది. మరకును నట్టుకును మధ్యగల వదులు, అనగా మెకానిక్కులు 'ప్లే' అనునది, ఇట్టి స్థిరమైన తప్పునే తెచ్చును. అనేక పొడవులను, పనిముట్టు ఎల్లప్పుడును ఒకే దిక్కునుండి వచ్చి ఆగునట్లు చేసి, కొలిచినపుడు గాని స్థిరమైన తప్పు ఏదో, పొడవుతో పెరుగునది ఏదో విడదీయ వీలులేదు. మరతో నడచు యంత్రములో 800 ను తాకనవసరము అరుదు. పళ్ల బెల్టుతో నడచు యంత్రములలో బెల్టు సాగుటచే కొంత సవరణ న్యాయమే. అక్కడ కూడ కొలత పిదపనే సవరణ.

ఇక గ్రంథములోని లోపములు. ఇది ఒక కంపెనీ తన యింటి గొప్పను తాను చెప్పుకొన్న గ్రంథము కూడ అని మరువరాదు. చిత్రములలో ఎక్కువ భాగము ఆ కంపెనీ యంత్రములవే. కొన్ని పుటలు ధరల పట్టీ లేని కాటలాగువలె తోచును. మరియు మూర్ లోకము పోత ఇనుప లోకము. బరువైన పోత, చేతితో గీకిన దారులు, స్థిరమైన ఉష్ణోగ్రత గల గది. అల్యూమినియము కడ్డీల చట్రము వ్రేలితో నొక్కినను వంగును. అట్టి యంత్రమునకు కొలత తప్పుకంటె దార్ఢ్యము చాలకపోవుటయే పెద్ద రోగము. దానికి ఔషధము ఈ గ్రంథములో వెదకిన నిరాశయే కలుగును. ఏ పరీక్షకు ఎంత తప్పును సహింపవచ్చునో పట్టికగా కోరువారికి గేయార్గ్ ష్లెసింగర్ 1927 లో జర్మను భాషలో వెలువరించిన పరీక్షా గ్రంథము నయము. దాని ఆంగ్లానువాదము కూడ కలదు. నేటి ఐ.ఎస్.ఓ. 230 ప్రమాణములును ఆ తరహావే. ష్లెసింగర్ ఏమి చేయవలెనో చెప్పును. మూర్ ఎందుకు చేయవలెనో చెప్పును. ఉపాధ్యాయునకు రెండవవాడే ఎక్కువ ఉపయోగము.

పొడవు ప్రమాణపు భాగములో ఉష్ణోగ్రతను గూర్చిన పుటలు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములవారు తప్పక చదువదగినవి. పారిశ్రామిక కొలతలకు 20 డిగ్రీల సెల్సియసును ప్రమాణముగా 1931 లో అంతర్జాతీయముగ స్వీకరించిరి. రెంటచింతల ఎండలలో, పంకా క్రింద కూడ గది 40 డిగ్రీలుండుట వింత కాదు. డిగ్రీకి పది లక్షలకు 23 చొప్పున వ్యాకోచించు అల్యూమినియపు 300 మిల్లీమీటర్ల ముక్క, 20 డిగ్రీలకు 0.138 మిల్లీమీటరు పెరుగును. అదే పొడవు ఉక్కు, సుమారు 11.5 చొప్పున, 0.069 పెరుగును. ఉక్కు కాలిపర్స్‌తో ఆ వేడిలోనే కొలిచినచో కనబడు తప్పు వాని భేదము మాత్రమే, 0.069. ఉక్కు ముక్కను ఉక్కుతో కొలిచినచో తప్పు దాదాపు పోవును. కాబట్టి బడిలో చల్లని గది లేదని బెంగపడనక్కరలేదు. యంత్రము, ముక్క, కొలబద్ద గంటసేపు ఒకే చోటనుండి ఒకే వేడిమికి వచ్చిన చాలును. కిటికీనుండి ఒక ప్రక్కనే పడు ఎండ మాత్రము చట్రమును వంచును, బల్లను జరుపవలెను.

వృత్త విభజనము, గుండ్రదనము అను భాగములను చిన్న యంత్రము గలవారు తొలిసారి విడిచిపెట్టవచ్చును. జ్యామితి భాగమును పదవ తరగతి విద్యార్థి ఉపాధ్యాయుని ప్రక్కన కూర్చుండి అనుసరింపగలడు. భాష ఇంగ్లీషే అయినను చిత్రములే సగము చెప్పును. యంత్రమును ఒక బల్లనుండి వేరొక బల్లకు మార్చినపుడెల్ల నాలుగు మూలల పరీక్షను మరల చేయవలెను. క్రొత్తగా బిగించిన బోల్టులు మొదటి కొన్ని రోజులలో సడలును గనుక, ఆ రోజులలో ప్రతి ఉదయమును ఒకసారి చేసిన మేలు.