రక్తం ఏ పూట తీశారు?

మా చిత్తూరు వైపు ఇప్పటికీ ‘రాయవేలూరు ఆస్పత్రి’ అంటేనే అందరికీ తెలుస్తుంది. సీఎంసీ అన్నది చదువుకున్నవాళ్ల మాట. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే తెల్లవారుజామున బస్సెక్కి వేలూరులో దిగడం మాకు మామూలే. జన్యు లెక్కలు చూడటం బతుకుతెరువయ్యాక ఆ ఊరి పేరు మళ్లీ నా ముందుకొచ్చింది, ఈసారి పరిశోధన పత్రాల్లో.

1972లో అక్కడి వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ ఇబ్బందికరమైన సంగతి ఒకటి బయటపెట్టారు. పోలియో చుక్కలు మూడుసార్లు వేసినా వేలూరు పిల్లల్లో చాలామందికి పట్టడం లేదు. అవే చుక్కలు చలిదేశాల పిల్లలకు చక్కగా పడుతున్నాయి. మరి మన పిల్లల కడుపులో ఏముంది?

పేగుల్లోని బాక్టీరియా మీద అనుమానం. 2014-15లో వేలూరు జిల్లాలో 754 మంది పసివాళ్లతో దాన్ని తేల్చే పరీక్ష జరిగింది. సగం మందికి మూడు రోజులు అజిత్రోమైసిన్, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చి, తర్వాత చుక్కలు వేశారు. చెడ్డ బాక్టీరియా తగ్గింది, టీకా మాత్రం మెరుగుపడలేదు. అసలు మందు తాగినవారిలో 50 శాతానికి, ఉత్తుత్తిది తాగినవారిలో 54 శాతానికి ప్రతిరక్షకాలు వచ్చాయి. తమ అనుమానం తప్పని తామే తేల్చుకునే ఇలాంటి పరీక్షలంటే నాకు గౌరవం. అదే పరీక్షలోని పిల్లల మలం నమూనాలు తర్వాత చూస్తే వేరే దొంగ దొరికాడు. చుక్కలు వేసేనాటికే పోలియో కాని మరో ఎంటెరోవైరస్ కడుపులో ఉన్నవారికి టీకా తక్కువగా పట్టింది.

పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు వేసే టీకాకైతే పుట్టుకతో వచ్చే అడ్డంకీ ఒకటుంది. ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయని పిల్లల పేగు గోడ మీద కొన్ని చక్కెర గొలుసులుండవు. చాలా రోటావైరస్‌లకు అవే పట్టుకొమ్మలు. అవి లేకపోతే జబ్బు వైరస్సూ జారిపోతుంది, దానితోపాటు టీకాలోని వైరస్సూ జారిపోవచ్చు.

నా పని ఇంకో రకం. డీఎన్‌ఏ అయితే టీకాతో మారదు. ఏ జన్యువు మేలుకుంది, ఏది పడుకుంది అన్నదే మారుతుంది. టీకాకు ముందు, తర్వాత తీసిన రక్తంలో ఒక్కో జన్యువుకు ఒక్కో అంకె, పిల్లకి ఇరవై వేల దాకా వరుసలు. కొత్తలో ఒకసారి (వేలూరి నమూనాలు కావు) బొమ్మ గీస్తే పిల్లలు రెండు గుంపులుగా విడిపోయారు. టీకా పట్టినవాళ్లిటు, పట్టనివాళ్లటు అనుకుని మురిసిపోయాను. పొద్దున గొట్టాలు సర్దే పెద్దావిడ తెర చూసి, “ఇవి రెండు బ్యాచ్‌లు గదా సార్. అటువి పొద్దున తీసినవి, ఇటువి మధ్యాహ్నం ఎండలో తెచ్చినవి” అన్నారు. తన నోటుబుక్కు విప్పి గొట్టం నంబర్లు చదివారు. ఒక్కటీ తప్పలేదు.

రక్తంలో తెల్లకణాల లెక్క పూటపూటకీ మారుతుంది. గొట్టం వేడెక్కితే, ఏ జన్యువు మేలుకుందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. ఐస్‌ పెట్టె ఎన్నింటికి మూశారో రాయకపోతే ఇరవై వేల వరుసలూ చిత్తుకాగితమే. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. నాకు మాత్రం ఆవిడ చెప్పాకే ఒంటబట్టింది. ఇప్పుడు ఏ లెక్కలొచ్చినా ముందు జన్యువులు చూడను, తేదీల గడి చూస్తాను. అది ఖాళీగా ఉంటే వెనక్కి పంపేస్తాను. చాదస్తమంటారు మావాళ్లు.

వేళ రాసుకున్నందుకు ఫలం దక్కిన చోటొకటి వేలూరు వైపే ఉంది. ఆలంగాయం ఊరు దాటి జవ్వాది కొండలెక్కితే కావలూరు వేధశాల. 1977 మార్చి 10న యురేనస్ ఓ నక్షత్రాన్ని మరుగుపరుస్తుంటే చూసిన చోట్లలో అదొకటి. వెలుగు ఏ క్షణాన తగ్గిందో రాసుకున్నారు కాబట్టే గ్రహం చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది.

అందుకని ఒక మనవి. టీకా వేసే నర్సమ్మ “పిల్లకి పోయిన వారం విరేచనాలయ్యాయా, ఎప్పుడు?” అని అడిగితే “ఏమోనమ్మా” అని తోసేయకండి. గుర్తు చేసుకుని రోజు చెప్పండి, పూట కూడా చెప్పండి. టీకా కార్డు పారేయకండి.