దవాఖానకు బదులు తుపాకి

2024 డిసెంబర్ 4న న్యూయార్క్ నగరంలో యునైటెడ్‌హెల్త్‌కేర్ అనే ఆరోగ్య బీమా కంపెనీ ప్రధానాధికారి బ్రయన్ థాంప్సన్‌ను ఒక హోటలు ముందు కాల్చి చంపారు. అక్కడ దొరికిన తూటా తొడుగుల మీద 'ఆలస్యం', 'నిరాకరణ' అనే అర్థం వచ్చే మాటలు రాసి ఉన్నాయి. రోగి క్లెయిము పెట్టుకుంటే నెలల తరబడి నానబెట్టడం, ఆఖరికి ఇవ్వం పొమ్మనడం. బీమా కంపెనీల మీద అమెరికా జనం ఎప్పటినుంచో చేస్తున్న ఫిర్యాదు అదే. అయిదు రోజుల తర్వాత లూయీజీ మాంజియోనీ అనే 26 ఏళ్ల యువకుణ్ణి అరెస్టు చేశారు. తాను నిర్దోషినని అతను కోర్టులో చెప్పాడు. జనం మాత్రం కోర్టుదాకా ఆగలేదు. చంపింది అతనేనని తేల్చేసుకుని, చంపినందుకే వీరుణ్ణి చేశారు. లాయరు ఖర్చులకు చందాలు పోగయ్యాయి. ఆ నెలలోనే ఎమర్సన్ కాలేజీ జరిపిన సర్వేలో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 41 శాతం మంది ఈ హత్య సమ్మతమేనన్నారు.

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకు అనేవాళ్లు అయిదేళ్లు వెనక్కి చూడాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 'దిశ' కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. తెల్లారేసరికి జనం వంతెన మీదికి చేరి కిందున్న పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. ఆ రోజు అంబేడ్కర్ వర్ధంతి. పొద్దున ఆయన విగ్రహానికి దండ వేసిన చేతులే మధ్యాహ్నం ఎన్‌కౌంటర్‌కు చప్పట్లు కొట్టాయి. మన వాడల్లోనూ కొట్టాయి. అందుకే ఈ చప్పట్ల గురించి మనం మాట్లాడుకోక తప్పదు.

ముందుగా ఒక మాట. కోపం అబద్ధం కాదు. ఆ కోపాన్ని చూసి 'మూక మనస్తత్వం' అని ముక్కు మూసుకునే మేధావులతో మాకు పొత్తు లేదు. మేడ్చల్, శామీర్‌పేటల్లో బతికే కష్టజీవికి ఎంత కోపం రావాలో లెక్క వేస్తే, వస్తున్న కోపం తక్కువేననిపిస్తుంది. శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లికి పోతే జీనోమ్ వ్యాలీ. దేశానికంతా కోవాగ్జిన్ టీకా తయారై పోయింది అక్కణ్ణుంచే. అదే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. అంటే మందూ మన దగ్గరే తయారవుతుంది, చట్టమూ మన దగ్గరే నేర్పుతారు. ఆ కంపెనీల్లో ఊడ్చే ఆమెకు, గేటు కాసే అతనికి, డబ్బాలు మోసే కాంట్రాక్టు కూలీకి ఇంట్లో రోగమొస్తే మందు దూరం, అన్యాయం జరిగితే చట్టం దూరం.

2007లో వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తొలి రోజుల్లో అది ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. ఆ పథకం వల్ల గుండె ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్లు మన వాడల్లో ఉన్నారు. ఆ మాట కాదనేవాడు మనవాడు కాడు. అయితే దాని పద్ధతేమిటో చూడాలి. సర్కారు దవాఖానను బాగు చేసే బదులు ప్రైవేటు ఆస్పత్రికి బిల్లు కట్టడమే దాని పద్ధతి. మామూలు జ్వరానికీ, రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలకూ అది అక్కరకు రాదు. పెద్ద రోగానికి పోయినా ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు పెట్టి, 'అప్రూవల్' కోసం కూర్చోవాలి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. 2025 జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. కాగితం మీద అంకె పెరిగింది, ఆస్పత్రి తలుపు మాత్రం మూతపడింది.

ఇక ఈఎస్‌ఐ. 2019 జూలై నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అది మన చెమట పైస, ఎవడి దానమూ కాదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే ఈఎస్‌ఐ మందుల కొనుగోళ్ల కుంభకోణంలో తెలంగాణ బీమా వైద్య సేవల విభాగం డైరెక్టర్‌నే ఏసీబీ అరెస్టు చేసింది. మేడ్చల్ ఫ్యాక్టరీ కార్మికుడు మాత్ర కోసం డిస్పెన్సరీలో వరస కడుతున్న రోజుల్లో మందుల సొమ్ము మింగిన కథ పత్రికల్లో వచ్చింది. రెండు నెలల తర్వాత 'దిశ' మీద రోడ్డెక్కిన జనంలో పదో వంతు కూడా దీని మీద రోడ్డెక్కలేదు.

మరి ఆ కోపం ఎటు పోయింది? కొంత కిందికి పోయింది. ఆపింది బీమా, ఎగ్గొట్టింది సర్కారు, దెబ్బలు మాత్రం రాత్రి డ్యూటీ నర్సుకు, ఆయాకు, కుర్ర డాక్టరుకు. 2020 జూన్‌లో కోవిడ్ రోగి చనిపోయాడని గాంధీ ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ల మీద దాడి జరిగింది. పడకలు ఎన్నుండాలో, సిబ్బంది ఎంతమందుండాలో నిర్ణయించినవాళ్లెవరూ ఆ వార్డులో లేరు.

కొంత సినిమా హాలుకు పోయింది. 2003లో వచ్చిన 'ఠాగూర్' ఇవాళ్టికీ జనం నోట్లో ఉంది. శవానికి వైద్యం చేసి బిల్లు వేసే కార్పొరేట్ ఆస్పత్రి సీను రాగానే హాలు దద్దరిల్లేది. అప్పటికే జనానికి తెలిసిన నిజాన్ని తెర మీద చూపించారు గనక ఆ ఈలలకు అర్థముంది. కానీ ఆ సినిమా తీర్పు ఎవరి మీద చెప్పింది? ఆస్పత్రి దోపిడీ ఒక సీనులో తేలిపోతుంది. అపహరణలూ, మరణశిక్షలూ మాత్రం లంచగొండి సర్కారు ఉద్యోగులకు. ప్రైవేటు పెట్టుబడి సీనుగా వచ్చిపోతే, సర్కారీ ఆఫీసు శత్రువై కూర్చుంది. కథలో శిక్షించేవాడు ప్రొఫెసరు, ఆయన శిష్యులు చదువుకున్న యువకులు. పేదవాడికి అందులో రెండే వేషాలు: శవం, చప్పట్లు. కులం ఊసే లేదు. లంచం ఇచ్చుకోలేని కులాలకు ఆఫీసు గడప ఎందుకు దాటనివ్వరో ఆ సినిమాకు అక్కర్లేదు.

తెర దిగితే ఏమవుతుందో 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో చూశాం. భూమి పట్టా వివాదంలో ఒక రైతు తహసీల్దారును ఆమె గదిలోనే పెట్రోలు పోసి తగలబెట్టాడు. 'ఎంత విసిగిపోతే అట్ల చేసిండో' అని చాయ్ హోటళ్ల దగ్గర జాలి పడ్డది చంపినవాడి మీద. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కూడా కాలి చనిపోయాడు. ఆ డ్రైవరు పేరు ఎవరికి గుర్తుంది? పట్టాల చిక్కు అట్లాగే ఉంది.

కోపంలో మిగతాది పాలకుల చేతికి పోయింది. ఈ వ్యాసంలో మేం ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. 2021 సెప్టెంబర్‌లో సైదాబాద్ సింగరేణి కాలనీలో ఆరేళ్ల గిరిజన పాపపై అత్యాచారం చేసి చంపారు. కాలనీ జనం కడుపు మండి రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటి కార్మిక శాఖ మంత్రి, మేడ్చల్ ఎమ్మెల్యే చామకూర మల్లారెడ్డి నిందితుణ్ణి పట్టుకుని ఎన్‌కౌంటర్ చేస్తామని బహిరంగంగా ప్రకటించారు. రెండు రోజులకు నిందితుడి శవం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద దొరికింది. ఆత్మహత్య అని పోలీసులన్నారు, హైకోర్టు న్యాయ విచారణకు ఆదేశించింది.

పాఠకులు ఒక సంగతి గమనించాలి. మాట్లాడింది హోంమంత్రి కాదు, కార్మిక శాఖ మంత్రి. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు, ఆస్పత్రులు ఆ శాఖ కిందివే. మందు ఎందుకు లేదని కార్మికులు నిలదీయాల్సిన మనిషి, ఎవరూ ఆయన శాఖను అడగని తుపాకిని వాగ్దానం చేశారు. మందుకు బడ్జెట్ కావాలి, డాక్టరు పోస్టులు నింపాలి, కంపెనీ యజమానితో తగాదా పడాలి. తూటాకు ఇవేవీ అక్కర్లేదు, పైగా చప్పట్లు ఫ్రీ. ఎగ్గొట్టిన బాకీకి బదులు ఎవడో ఒక అనామకుడి శవాన్ని జమ వేసి 'చెల్లు' రాసుకోవడమే ఎన్‌కౌంటర్ రాజకీయం.

ఎవడి శవం అనేది కూడా చూడాలి. చటాన్‌పల్లిలో చచ్చిన నలుగురూ లారీల మీద బతికే పేద కుటుంబాల పిల్లలు. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022 మే 20న బయటికి వచ్చింది. వారం తిరగగానే జూబ్లీహిల్స్ సామూహిక అత్యాచారం జరిగింది. అందులో నిందితులు పలుకుబడి గల ఇళ్ల పిల్లలు, ఒకరు తప్ప అందరూ మైనర్లు. వాళ్లకు జువెనైల్ బోర్డు, లాయర్లు, బెయిలు, అన్నీ పద్ధతిగా దొరికాయి. దొరకాల్సిందే. మా ప్రశ్న, చటాన్‌పల్లి పిల్లలకు ఎందుకు దొరకలేదు?

బాధితురాలి కులం సంగతీ అంతే. 'దిశ'కు మూడు రోజుల ముందు, 2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లమ్ముకునే దళిత మహిళను అట్లాగే చెరిచి చంపారు. 'సమత' అని పేరు పెట్టారు. ఆమె కోసం పట్నంలో కొవ్వొత్తులు వెలగలేదు. జనం పట్టుబట్టాక ప్రత్యేక కోర్టు వేశారు, 2020 జనవరి 30న తీర్పు వచ్చింది. ఉరిశిక్షను మేం మెచ్చుకోవడం లేదు. కోర్టు తలుచుకుంటే దళిత స్త్రీ కేసును కూడా రెండు నెలల్లో విచారించి తేల్చగలదని మాత్రం గుర్తు పెట్టుకోమంటున్నాం.

మేం ఇట్లా మాట్లాడటానికి మా చరిత్రే కారణం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినవాళ్లు తమను హంతకులనుకోలేదు, న్యాయం చేస్తున్నామనుకున్నారు. 'మా ఆడోళ్ల జోలికొచ్చిన్రు' అన్నదే వాళ్ల సాకు. వాళ్లకూ చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. మూక తీర్పు అనేది ఊరు వాడకు ఎప్పుడూ వేస్తూ వచ్చిన శిక్ష. విచారణ లేకుండా చంపే అధికారాన్ని ఒకసారి ఒప్పుకుంటే, అది తిరిగి తిరిగి వచ్చేది మన గడపకే.

మరి మనవాళ్లు పెట్టుకున్న లెక్క సంగతేమిటని అడుగుతారు. దాచాల్సిన పనిలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన కేసులో ముఖ్యుడని పేరుపడ్డ దగ్గుబాటి చెంచురామయ్యను 1989లో పీపుల్స్‌వార్ చంపింది. ఆ రోజు మా పెద్దలు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మాకు లేదు. నాలుగేళ్లయినా కోర్టు కదలకపోతే గుండె మంట ఎట్లా చల్లారుతుంది? కానీ ఆ తూటా కారంచేడు కేసును ముగించలేదు. అది 2008లో సుప్రీంకోర్టు తీర్పుదాకా నడుస్తూనే ఉంది. దళితుల్ని నిలబెట్టింది చీరాల శిబిరం, దళిత మహాసభ, ఊరూరా నడిచిన ఉద్యమం. ఆ ఉద్యమాల ఒత్తిడి కూడా కలిసి 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. బొజ్జా తారకం ఆ చట్టం పట్టుకుని చుండూరు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించడానికి పోరాడారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అవును, ఓడిపోయాం. అయినా సాక్షులు బోనెక్కి ఎవరు చంపారో పేరుపెట్టి చెప్పిన రికార్డు ఉంది. చటాన్‌పల్లి నిందితుల మీద నేరం రుజువు కాలేదు, ఇక కాదు. చప్పట్లు ఆ అవకాశాన్ని కూడా చంపేశాయి.

అమెరికా చప్పట్లకూ మన చప్పట్లకూ తేడా ఉంది. అక్కడ కోపం కంపెనీ యజమాని మీదికి, పైకి పోయింది. ఇక్కడ పోలీసు చేతిలో పడి కిందికి పోయింది. అయినా అక్కడ కూడా వీరుడైనవాడు డబ్బున్న ఇంటి తెల్ల కుర్రాడు, పెద్ద యూనివర్సిటీలో చదివినవాడు. అదే నేరం నల్లవాడి మీద మోపి ఉంటే ఈ బొమ్మలు, ఈ చందాలు వచ్చేవా? పైగా ప్రధానాధికారి పోయాక ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ బీమా సంస్థ మాతృ కంపెనీకే చెందిన ఆప్టమ్‌కు మన హైదరాబాదులో ఆఫీసులున్నాయి. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న మన పిల్లలు రకరకాల కంపెనీల్లో రాత్రంతా కూర్చుని అమెరికా రోగుల బిల్లులు చూస్తారు. ఏ క్లెయిము ఎందుకు కొట్టేశారో తెలుసుకోవడం ఆ పనిలో భాగం. అదే పిల్ల తెల్లారి ఇంటికొచ్చి అమ్మ ఆరోగ్యశ్రీ అప్రూవల్ కోసం వరసలో నిలబడుతుంది. రెండు దేశాల కోపాన్నీ ఒకే మనిషి మోస్తోంది.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ రెండు హెచ్చరికలు చేశారు. రాజ్యాంగ మార్గం తెరిచి ఉన్నప్పుడు నెత్తుటి మార్గం వదిలేయాలన్నారు. ఆర్థిక, సామాజిక అసమానత తొందరగా పోకపోతే దానివల్ల బాధపడేవాళ్లే ఈ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చేస్తారనీ అన్నారు. పాలకులు మొదటిది మనకు పాఠంగా చెప్పి రెండోది దాస్తారు. తుపాకిని మెచ్చుకునేవాళ్లు రెండోది తలుచుకుని మొదటిది మరుస్తారు. మనకు రెండూ కావాలి.

కాబట్టి మేడ్చల్, శామీర్‌పేట విద్యార్థులకు, టీచర్లకు, సంఘాలవాళ్లకు మేం చెప్పేదిది. ఇంకోసారి ఏ మంత్రి అయినా ఎన్‌కౌంటర్ చేస్తామంటే చప్పట్లకు ముందు ఆయన శాఖ లెక్క అడగండి. ఆరోగ్యశ్రీ బకాయి ఎంత, తిరస్కరించిన కేసులెన్ని, కారణాలేమిటి, ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో డాక్టరు పోస్టులెన్ని ఖాళీ? సమాచార హక్కు కింద కాగితం పెట్టండి. జవాబు వచ్చినా రాకున్నా ఆ కాగితం పట్టుకుని వాడలో మీటింగు పెట్టండి. మన కోపం మన చేతిలో ఉన్నంతసేపే దానికి విలువ. పోలీసు మీద పూలై రాలిన రోజు అది వాళ్ల సొత్తు.