గడప చూసి బండి కొనాలి

అంబాసిడర్ ఇంజిన్లు దించి, బోరు చేయించి, మళ్లీ ఎక్కించిన మన షెడ్డు మేస్త్రీల్లో ఎవరినైనా ఇంగ్లండ్ తీసుకెళ్లి ఒక ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తి చూపిస్తే, ఆయన తడుముకోడు. ట్యాపెట్ కవరు కింద ఏముంటుందో, ఏ భాగం ముందు విప్పాలో ఆ చేతులకు ముందే తెలుసు. రెండు బళ్లదీ ఒకటే వంశం, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచింది అందులో 1489 సీసీ రకం. ఎమ్‌జీబీలో ఉన్నది 1798 సీసీ రకం. మా ఊరి షెడ్డులో అలాంటి ఇంజిన్ గొలుసు కప్పీకి వేలాడుతుంటే గంటల తరబడి నిలబడి చూసినవాణ్ణి. అందుకే, "ఏళ్ల తరబడి స్టార్ట్ చేయలేదు" అంటూ ఎవరైనా ఒక ఎమ్‌జీబీని అమ్మజూపితే నాకు భయం వేయదు. భయపడాల్సిన చోటు వేరే ఉంది.

ఎమ్‌జీ అంటే ఇప్పుడు మనవాళ్లకు హెక్టర్ గుర్తొస్తుంది. ఆ పేరు ఇవాళ చైనా కంపెనీది. ఎమ్‌జీబీ మాత్రం ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీ బిడ్డ. 1962లో మొదలై, 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడేదాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అంత పెద్ద సంఖ్యలో వచ్చింది కాబట్టే నేటికీ బ్రిటన్‌లో ఇళ్ల వెనక గరాజ్‌లలో, టార్పాలిన్ల కింద, ఆగిపోయిన ఎమ్‌జీబీలు దొరుకుతుంటాయి. వాటిలో చాలావాటిని ఆపింది పెద్ద జబ్బేమీ కాదు. పిల్లలు పుట్టి రెండు సీట్ల బండి చాలకపోవడం, ఏదో చిన్న రిపేరు వచ్చే ఏడాదికి వాయిదా పడి ఇరవై ఏళ్లు గడిచిపోవడం, అంతే.

ఎమ్‌జీబీకి ముందు వచ్చిన ఎమ్‌జీఏకు విడిగా ఛాసిస్ ఉండేది. ఎమ్‌జీబీకి లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన డబ్బాయే దాని ఎముకలగూడు. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు సగాన్నీ వెనక సగాన్నీ పట్టి ఉంచే బరువంతా తలుపుల కింద పొడవునా సాగే సిల్ మీద పడుతుంది. ఇంగ్లీషు వాళ్లు ఇంటి గడపకు వాడే మాటనే దానికీ వాడారు. మనం కూడా గడప అనుకోవచ్చు. బయటికి ఒక్క రేకులా కనిపిస్తుంది గానీ, లోపల ఇంకో రేకు, ఆ రెండింటి నడుమ నిలువుగా మరో రేకు, కింద బలానికి మలిచిన పట్టీ ఉంటాయి. చక్రాలు చిమ్మిన బురద ముందు మడ్‌గార్డ్ వెనక పేరుకుని, తడి ఆరక, ఈ పొరల మధ్యకు దిగుతుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కూడా అక్కడికే చేరతాయి. తుప్పు లోపలినుంచి తింటూ వస్తుంది. పైన పెయింటు పొంగేసరికి లోపలి పొరలు పొడైపోయి ఉంటాయి.

నేను చూడ్డానికి వెళ్లిన ఒక ఆకుపచ్చ రోడ్‌స్టర్ ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. అమ్మే ఆయన ఇంజిన్‌కు పెట్టిన ఖర్చు తాలూకు బిల్లులు ఒక ఫైలులో వరసగా పెట్టుకుని, ఎంతో ప్రేమగా చూపించాడు. బండి ఎందుకు నడవడం లేదంటే వైరింగ్ సగంలో ఆగింది, అంతే అన్నాడు. అది నిజమే. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని గడప పొడవునా జరుపుకుంటూ వచ్చాను. తలుపు మధ్యలో గట్టిగానే పట్టింది. వెనక మూలకు వచ్చేసరికి జారిపోయింది. అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. ఆయన అనుమతితో జాకీ పెట్టి ఆ పక్క చక్రం కొద్దిగా లేపాం. తలుపు తీయబోతే రాలేదు. తలుపుకూ వెనక మడ్‌గార్డ్‌కూ మధ్య పైభాగంలో ఉండాల్సిన సందు మూసుకుపోయింది. బండి నడుము వంగిందన్నమాట. అంత ఖర్చు పెట్టి బాగుచేయించిన ఇంజిన్ కూర్చున్నది పుచ్చిన దూలం మీద. ఆయన మొహం చూసి నాకు బాధేసింది. డబ్బు దాచకుండా ఖర్చుపెట్టాడు, మొదట పెట్టాల్సిన చోట పెట్టలేదు.

ఈ గడపను సవ్యంగా మార్చడం పెద్ద పని. బయటి రేకు రెండు చివర్లా మడ్‌గార్డ్‌ల కిందికి దూరి ఉంటుంది. ముందు మడ్‌గార్డ్ బోల్టులతో ఉంటుంది కాబట్టి ఊడదీయొచ్చు. వెనకది వెల్డింగ్‌తో కలిసిపోయింది, కాబట్టి దాని అడుగుభాగం కోయాల్సిందే. కోయడానికి ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప పట్టీ వెల్డింగ్ చేసి, నడుము కుంగకుండా కట్టుదిట్టం చేస్తారు. రెండు పక్కలా ఒకేసారి ముట్టుకోరు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. మధ్యమధ్యలో తలుపు బిగించి, సందు పైనా కిందా సమానంగా ఉందో లేదో చూస్తూ, అప్పుడు చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెడతారు. ఈ ఓపిక లేనివాళ్లు కనిపించే మేర కొత్త రేకు అతికించి, పాత తుప్పును లోపలే సమాధి చేసి, రంగు కొట్టి అమ్మేస్తారు. మడ్‌గార్డ్‌కూ గడపకూ మధ్య ఫ్యాక్టరీ వదిలిన అతుకు గీత ఉంటుంది. ఆ గీత లప్పంతో పూడి నున్నగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. రంగు వేసి మెరుస్తున్న బండి కన్నా, తుప్పు బయటికి కనిపిస్తున్న బండినే నేను నమ్ముతాను.

ఇక ఇంజిన్. తాళం చెవి తిప్పి సెల్ఫ్ కొట్టొద్దు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చటి నూనె వదిలి, క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో తిప్పి చూడాలి. బరువుగానైనా రెండు చుట్లు తిరిగితే సంతోషించొచ్చు. కదలకపోతే ఇంజిన్ పట్టేసినట్టు. దానికీ మందుంది: నూనె పోసి రోజుల తరబడి నాననివ్వడం, నాలుగో గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం. ఆయిల్ మూత వెనక మీగడలాంటి తెల్లటి పూత ఉంటే నీళ్లు కలిసి ఉండొచ్చు. రేడియేటర్‌లో యాంటీఫ్రీజ్ లేకుండా ఒక చలికాలం గడిచి ఉంటే, గడ్డకట్టిన నీళ్లు బ్లాకునే పగలగొట్టి ఉండొచ్చు. అయినా సరే, ఈ ఇంజిన్‌కు సామాను నేటికీ కొత్తది దొరుకుతుంది. ఒకవేళ బ్లాకే పోయినా, వాడిన ఇంజిన్ ఇంకొకటి వెతుక్కోవచ్చు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు సిలిండర్లు, రబ్బరు గొట్టాలు మార్చాల్సినవేనని ముందే రాసుకుంటే చాలు. వాటి గురించి బేరమాడుతూ పొద్దు పుచ్చక్కర్లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది, ఎవరో విప్పి డబ్బాల్లో పెట్టిన బండి. "సామానంతా ఉంది" అంటారు. ఉన్నా, ఏ నట్టు ఎక్కడిదో విప్పినవాడికే తెలుసు, అతను ఇప్పుడు అక్కడ ఉండడు. బండిని మనమే విప్పితే ప్రతి భాగం ఏ దిక్కుగా కూర్చుందో చూస్తూ నేర్చుకుంటాం. ఆ చదువు పోయాక మిగిలేది ఇనప ముక్కలు. సగం ధరకు ఇచ్చినా నేను తీసుకోను.

డబ్బు లెక్క దాచిపెట్టను. 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ, పాత ఫ్యాక్టరీ అచ్చులను పోగుచేసి ఎమ్‌జీబీ బాడీని మళ్లీ కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. 1992లో వచ్చిన ఎమ్‌జీ ఆర్‌వీ8 కూడా ఆ బాడీ ఆధారంగా తయారైందే. గడపలు పూర్తిగా పోయిన బండికి అదొక దారి. కానీ ఇవాళ ఆ బాడీ ఒక్కటే పది వేల పౌండ్ల పైమాట. ఆ సొమ్ముతో చక్కగా నడిచే ఎమ్‌జీబీ ఇంటికి వచ్చేస్తుంది. కేవలం నడపాలన్న కోరిక ఉన్నవాళ్లకు నా సలహా అదే: నడిచేది కొనండి. 40 ఏళ్లు దాటిన బళ్లకు బ్రిటన్‌లో రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయనివాటికి 2018 నుంచి ఏటా చేయించాల్సిన ఎమ్‌ఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఆ సౌకర్యం నడిచే బండికీ వర్తిస్తుంది కదా.

ఆగిన బండి కొనాల్సింది పని మీద ప్రేమ ఉన్నవాళ్లు. చలికి తట్టుకునే చోటు, కొన్నేళ్ల ఆదివారాలు, ఇంట్లోవాళ్ల ఒప్పుదల ఉన్నవాళ్లు. వెల్డింగ్ రాకపోతే నేర్చుకోవాలని తహతహలాడేవాళ్లు. రేకును గడపగా మలిచే నేర్పు ఎమ్‌జీబీల తయారీతో పాటే పోకుండా ఇన్నాళ్లు నిలిచిందంటే ఇలాంటి గరాజ్‌ల వల్లే. మన దగ్గర అంబాసిడర్ షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడుతుంటే, పాత డెంటింగ్ మేస్త్రీల చేతిపని అందుకునేవాళ్లు కనబడక నా గుండె చివుక్కుమంటుంది. బ్రిటన్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక రిటైరైన టీచరు అదే పనిని చలిలో నేల మీద పడుకుని నేర్చుకుంటున్నారు.

రెండో పక్క గడప కూడా పూర్తయ్యాక, అడ్డంగా వెల్డింగ్ చేసిన ఇనప పట్టీని కోసి తీసేస్తారు. బండి తన బరువు తనే మోసుకోవడం అప్పుడే. కాసేపు ఎవరూ మాట్లాడరు. తలుపు మెల్లగా తోస్తారు. సందు మారకుండా, ఎక్కడా రాసుకోకుండా, గొళ్లెం తనంతట తాను టక్కుమని పడుతుంది. ఇంజిన్ ఇంకా మూలన చెక్కదిమ్మెల మీదే ఉంటుంది.